బ్యాటరీ అరిగిన సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు: ఎంత వరకు పెట్టొచ్చు?

ప్రయాణి

అందరికీ నమస్కారం. ఒక సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు చూసి వచ్చాను, రెండు రోజుల నుంచి అదే ఆలోచన. ఆరేళ్ల బండి, 78,000 కిలోమీటర్లు తిరిగింది, ఒకే ఓనర్. కొత్తలో వాడుకోవడానికి 39 కిలోవాట్ అవర్లు (కరెంటు యూనిట్లు) ఇచ్చే బ్యాటరీ ప్యాక్, ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ వాడే లిథియం రకం) సెల్స్, లిక్విడ్ కూలింగ్ ఉంది. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, కెపాసిటీ 70 శాతం కంటే తగ్గితే బాగుచేసి ఇస్తారట.

ధరలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ మోడల్ కొత్త బండి ధరని 100 అనుకుని చెప్తాను. ఓనర్ అడుగుతున్నది 46. అదే వయసు, అదే మోడల్ బండ్లు 42 నుంచి 48 మధ్య కనిపిస్తున్నాయి. కంపెనీలో కొత్త ప్యాక్ వేయించాలంటే 40 అవుతుందని కొటేషన్ తెచ్చుకున్నాను.

బ్యాటరీ 88 శాతం ఉందని ఓనర్ అంటున్నారు. ఎలా అని అడిగితే, ఫుల్ చార్జ్‌లో డాష్‌బోర్డు కొత్తలో 295 కిలోమీటర్లు చూపించేది, ఇప్పుడు 260 చూపిస్తోంది, అదీ లెక్క అన్నారు. ఆయన మంచి మనిషిలాగే ఉన్నారు, దాచిపెడుతున్నట్టు అనిపించలేదు. నా అవసరం రోజూ రానుపోను 95 కిలోమీటర్లు, నెలకి రెండుసార్లు మాత్రం ఒకే రోజు హైవే మీద 170. ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోగలను. కనీసం నాలుగేళ్లు వాడాలని ఉంది.

46 పెట్టొచ్చా? లేకపోతే ఎంత అడగాలి, ఏ లెక్కన అడగాలి?

వోల్ట్‌మీటర్

ముందు ఆ 88ని పక్కన పెట్టేయండి ప్రయాణి గారూ. ఆయన అబద్ధం చెప్తున్నారని నేను అనడం లేదు, కానీ డాష్‌బోర్డులో కనిపించే కిలోమీటర్లు బ్యాటరీ ఆరోగ్యం చెప్పవు. ఈమధ్య ఆ బండిని ఎలా నడిపారో చూసి, ఇలాగే నడిపితే ఇంత దూరం వెళ్తుంది అని వేసే అంచనా అది. రెండు వారాలు ఊళ్లోనే నెమ్మదిగా, ఏసీ వేయకుండా తిప్పితే అంకె పైకి పోతుంది. అదే బండిని హైవే మీద గట్టిగా తోలి మర్నాడు ఫుల్ చార్జ్ పెడితే 200 చూపించినా ఆశ్చర్యం లేదు. బ్యాటరీ మాత్రం రెండు రోజులూ ఒకటే.

కావలసింది ప్యాక్‌లో నిజంగా ఎన్ని కిలోవాట్ అవర్లు మిగిలాయన్నది. దీనికి రెండు దారులు. ఒకటి, ఓబీడీ పోర్టుకి (మెకానిక్‌లు బండి లోపాలు చదివే సాకెట్) చిన్న డాంగిల్ పెట్టి ఫోన్ యాప్‌లో చూడటం. ఎస్‌ఓహెచ్ అనే అంకె వస్తుంది, కొత్తదాంతో పోలిస్తే ఎంత శాతం కెపాసిటీ మిగిలిందో చెప్పేది. బీఎంఎస్, అంటే బ్యాటరీని చూసుకునే కంప్యూటర్, లోపల వేసుకున్న లెక్క అది, పనికొస్తుంది కానీ అదొక్కటే నమ్మొద్దు. కొన్ని కంపెనీలు ప్యాక్ కెపాసిటీలో కొంత భాగాన్ని దాచిపెట్టి ఉంచుతాయి, బ్యాటరీ అరుగుతున్న కొద్దీ దాన్ని బయటికి వదులుతాయి. అలాంటి బండ్లలో కొన్నేళ్ల పాటు 100 శాతమే కనిపిస్తుంది.

రెండోది, నా మటుకు అసలైనది, మీరే కొలవడం. బండిని 100 శాతం చార్జ్ చేయించండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి 15 శాతం వచ్చేదాకా ఆపకుండా ఒకే తీరున నడపండి. ఎన్ని కిలోవాట్ అవర్లు ఖర్చయ్యాయో చూడండి. వచ్చినదాన్ని 0.85తో భాగిస్తే మొత్తం కెపాసిటీ వస్తుంది. మధ్యలో ఆగి చల్లారబెట్టొద్దు, బాగా చలిగా ఉన్న పొద్దున అసలే వద్దు. సెల్స్ చల్లగా ఉంటే తక్కువ ఇస్తాయి, ఓనర్‌కి అన్యాయం జరుగుతుంది. తర్వాత మళ్లీ ఫుల్ చార్జ్ పెట్టి గోడ దగ్గర మీటర్ ఎంత తిరిగిందో కూడా రాసుకోండి. ఇంటి దగ్గరి మామూలు ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) చార్జింగ్‌లో పది పన్నెండు శాతం నష్టం పోతుంది, ఆ మేరకు సరిపోవాలి.

పాతబండి

నా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తే చాలు. మూడేళ్ల కిందట బ్యాటరీ కెపాసిటీని గీతల్లో చూపించే బండి ఒకటి కొన్నాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఎనిమిదేళ్ల బండికి ఇన్ని గీతలా అని సంతోషపడి మార్కెట్ కంటే ఎక్కువే ఇచ్చాను. రెండు నెలలు తిరగకముందే గీతలు ఒక్కొక్కటే పడిపోవడం మొదలైంది, మూడో నెలకి మూడు పోయాయి. అమ్మకానికి పెట్టేముందు ఎవరో బీఎంఎస్‌ని రీసెట్ చేశారు. రీసెట్ చేసిన బీఎంఎస్ ప్యాక్ కొత్తదే అనుకుంటుంది, చాలా చార్జింగులు చూశాక గానీ నిజం తెలుసుకోదు. నాకు అమ్మినతను తనకి తెలియదన్నాడు. నిజంగా తెలియదేమో కూడా, అంతకుముందే ఇంకో చేయి మారింది. ఎవరిని పట్టుకుంటాం?

డబ్బు పోయిన బాధ ఒకటి. మా అమ్మాయిని కాలేజీ నుంచి తీసుకొస్తుంటే 18 శాతం నుంచి ఒక్కసారిగా 6కి పడి, బండి తాబేలు గుర్తు చూపించి రోడ్డు మీద నెమ్మదించిపోయింది చూడండి, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అందుకే వోల్ట్‌మీటర్ గారు చెప్పిన టెస్ట్ చేయకుండా ఒక్క పైసా అడ్వాన్స్ ఇవ్వొద్దు. అంకెని మార్చగలరు, ఎనభై తొంభై కిలోమీటర్లు నడిపితే ఖర్చయ్యే కరెంటుని మార్చలేరు.

లెక్కలమనిషి

ధర లెక్క సులువే కదా. కొత్త ప్యాక్ 40 అన్నారు. బ్యాటరీ 80 శాతం ఉందనుకుందాం, అంటే అయిదో వంతు పోయింది. 40లో అయిదో వంతు 8. 46లోంచి 8 తీసేస్తే 38. టెస్ట్‌లో 88 వస్తే 4.8 తీసేసి 41 ఇవ్వండి. ఇంతకంటే తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

సాయంకాలం

లెక్కలమనిషి గారూ, ఇక్కడ ఒప్పుకోను. ఆ 46 అనేదే ఆరేళ్ల పాత బండి ధర. అందులో టైర్ల అరుగు, సీట్ల అరుగు, బ్యాటరీ అరుగు అన్నీ కలిసే 100 నుంచి 46కి వచ్చింది. ఆరేళ్ల బండికి బ్యాటరీ కొంత తగ్గి ఉంటుందని మార్కెట్‌లో అందరికీ తెలుసు. మళ్లీ 100 శాతం నుంచి లెక్కేసి తగ్గించమంటే ఒకే అరుగుకి రెండుసార్లు తగ్గించినట్టు. అమ్మేవాళ్లు దీన్ని వెంటనే పట్టుకుంటారు, పట్టుకుంటే మీరు చెప్పే మిగతా న్యాయమైన మాట కూడా వినరు.

అడగాల్సింది ఇది: ఈ వయసు బండికి మామూలుగా ఎంత ఉండాలి, ఈ బండికి ఎంత ఉంది? తేడా ఉంటే ఆ తేడాకే తగ్గింపు. జియోటాబ్ అనే సంస్థ వేల బండ్ల డేటా తీసుకుని చూస్తే 2019లో సగటున ఏటా 2.3 శాతం తగ్గుతోందని వచ్చింది, 2024లో మళ్లీ చూస్తే 1.8కి వచ్చింది. ఆ లెక్కన ఆరేళ్లకి 86 నుంచి 89 మధ్య ఉండాలి. ఓనర్ చెప్పిన 88 నిజమైతే బ్యాటరీ పేరు చెప్పి ఏమీ తగ్గించమనడానికి లేదు, మామూలు బేరం ఆడుకోవడమే.

వోల్ట్‌మీటర్

సాయంకాలం గారి మాటకి ఒకటి కలుపుతాను. ఏటా ఇంత అని సమానంగా తగ్గదు. మొదటి ఏడాది రెండేళ్లలో కాస్త గబగబా పడుతుంది, సెల్ లోపలి గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద ఎస్‌ఈఐ అనే సన్నటి పొర ఏర్పడుతూ కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. పొర కుదురుకున్నాక నెమ్మదిస్తుంది, తర్వాత చాలా ఏళ్లు ఒకే తీరున పోతుంది. చివర్లో కొన్ని ప్యాక్‌లకి మోకాలు వంగినట్టు ఒక మలుపు వచ్చి వేగంగా పడిపోవడం ఉంటుంది. కొనేవాడికి భయం ఉండాల్సింది ఆ మలుపు గురించి.

కిలోమీటర్లు ఒక్కటే చూడకండి. వాడినా వాడకపోయినా వయసుతో బ్యాటరీ తగ్గుతుంది. వేడిలో, అందులోనూ నిండా చార్జ్ చేసి ఎండలో రోజుల తరబడి నిలబెడితే ఇంకా ఎక్కువ. అందుకని 30,000 మాత్రమే తిరిగి ఎప్పుడూ 100లో పెట్టి వదిలేసిన బండి కంటే, 90,000 తిరిగి 30 – 80 మధ్య వాడుకున్న బండి బాగుండొచ్చు. ఓనర్‌ని ఈ మూడు అడగండి: రాత్రి ఎంత వరకు చార్జ్ పెడతారు, బండి నీడలో ఉంటుందా, ఫాస్ట్ చార్జింగ్ వారానికి ఎన్నిసార్లు? ఏదో కబుర్లలో అడిగినట్టు అడగండి. పరీక్ష పెట్టినట్టు అడిగితే జవాబులు మారిపోతాయి.

ఎడమచక్రం

నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారు కథ ఇక్కడ గుర్తుచేయాలి. 2010 చివర్లో వచ్చింది, 24 కిలోవాట్ అవర్లు, ప్యాక్‌కి లిక్విడ్ కూలింగ్ లేదు. 2012లో అమెరికాలో ఆరిజోనా లాంటి ఎండ ప్రాంతాల ఓనర్లు కెపాసిటీ గబగబా పోతోందని గోల పెట్టారు. ఆ తర్వాతే కంపెనీ కెపాసిటీకి కూడా వారంటీ ఇచ్చింది, 12 గీతల్లో 9 కంటే తక్కువకి పడితే చూస్తామని. గీతల సంగతి తెలియని వాళ్లకి: మొదటి గీత పోయేసరికే దాదాపు 15 శాతం పోయి ఉంటుంది, తర్వాతి గీతలు ఒక్కోటి ఆరు శాతం చిల్లర. కాబట్టి 12 గీతలూ ఉన్న లీఫ్ అంటే 100 కావచ్చు, 86 కూడా కావచ్చు.

ప్రయాణి గారి బండికి కూలింగ్ ఉంది కాబట్టి ఆ భయం తక్కువ. కూలెంట్ మార్చాల్సిన టైంకి మార్చారో లేదో సర్వీస్ కాగితాల్లో చూడండి.

ప్రయాణి

అందరికీ చాలా థాంక్స్. నేను అడిగింది ఒకటి, మీరు నేర్పింది పది. ఆదివారం టెస్ట్‌కి ఓనర్ ఒప్పుకున్నారు. ఇంత సేపు నడుపుతానంటే వద్దంటారేమో అనుకున్నాను, పక్కన ఆయనే కూర్చుంటానన్నారు. డాంగిల్ కూడా కొన్నాను. ఇంకేం చూడాలో చెప్పండి.

మిల్లీవోల్ట్

డాంగిల్ ఉంది కాబట్టి సెల్ వోల్టేజీలు తప్పక చూడండి. అందరూ ఎస్‌ఓహెచ్ దగ్గరే ఆగిపోతారు, నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. ప్యాక్‌లో సెల్స్ వరుసగా గొలుసులా కలిపి ఉంటాయి, అందులో అన్నిటికంటే బలహీనమైనది ఖాళీ అయితే మిగతావాటిలో ఎంత ఉన్నా బండి ఆగిపోవాల్సిందే. అన్నిటికంటే ఎక్కువ ఉన్న సెల్‌కీ తక్కువ ఉన్నదానికీ తేడా ఎన్ని మిల్లీవోల్టులో యాప్ చూపిస్తుంది. ఫుల్ చార్జ్‌లో ఒకసారి, 15 దగ్గర ఒకసారి, బండి ఆపి అయిదు నిమిషాలు వదిలేశాక చూడండి. కింద కాస్త పెరగడం మామూలే. పదులలో ఉంటే పర్లేదు. వంద దాటి, ప్రతిసారీ అదే నంబర్ సెల్ అట్టడుగున కనిపిస్తే ఆ బండి జోలికి పోకండి, ధర ఎంత తగ్గించినా సరే. సగటున 90 శాతం ఉండి ఒక సెల్ చెడిన ప్యాక్ కంటే, అన్నీ సమానంగా అరిగిన 78 శాతం ప్యాక్ నయం.

ఇంకొకటి, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ తేడా ఎంత పెరుగుతుందో చూడండి. ఒక సెల్ మాత్రమే బాగా కిందికి జారితే దాని లోపలి రెసిస్టెన్స్ పెరిగిందని అర్థం.

పాతబండి

బండి కింద కూడా చూడండి. ప్యాక్ అడుగున సొట్ట, గీరుకున్న గుర్తు, తుప్పు ఉంటే ఆలోచించాల్సిందే. వరద నీళ్లలో మునిగిన బండేమో సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి బురద మరక ఉందేమో చూడండి. ఫాస్ట్ చార్జర్ దగ్గర పది నిమిషాలు పెట్టించండి, కొన్ని బండ్లకి ఏసీ చార్జింగ్ అవుతుంది, డీసీ (ఫాస్ట్ చార్జింగ్) అవదు. అది తెలిసేది కొన్న నెలకి.

ప్రయాణి

టెస్ట్ అయింది. రాసుకున్నవన్నీ పెడుతున్నాను.

100 నుంచి 15 శాతం దాకా 158 కిలోమీటర్లు వెళ్లాం, సగం ఊళ్లో సగం హైవే. ఖర్చయింది 26.4 కిలోవాట్ అవర్లు. 0.85తో భాగిస్తే 31 వచ్చింది, 39లో అది 79.6 శాతం. మళ్లీ ఫుల్ చేస్తే గోడ మీటర్ 30.1 తిరిగింది. యాప్‌లో ఎస్‌ఓహెచ్ 81. సెల్స్ మధ్య తేడా పైన 12 మిల్లీవోల్టులు, కింద 38, రెండుసార్లూ అట్టడుగున వేర్వేరు సెల్స్. ఫాస్ట్ చార్జింగ్ అయింది. కింద సొట్టలు లేవు.

కబుర్లలో తెలిసింది: మొదటి మూడేళ్లు రోజూ 100 పెట్టి ఆఫీసు బయట ఎండలో నిలిపేవారట. అలా పెట్టకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రిటైరయ్యారు, ఊళ్లో నెమ్మదిగా తిప్పుతున్నారు, అందుకే 260 చూపిస్తోంది. 79.6 అని చెప్తే ఆయన మొహం చిన్నబోయింది. నాకే కష్టంగా అనిపించింది.

వోల్ట్‌మీటర్

చాలా శుభ్రంగా చేశారు. 30.1లో పన్నెండు శాతం నష్టం తీస్తే 26.5, మీ 26.4తో సరిపోయింది. యాప్ 81, మీది 79.6, ఆ మాత్రం తేడా మామూలే. ఇలాంటి టెస్ట్‌లో రెండు మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి బేరంలో 80 అనే చెప్పండి. దశాంశాలతో వాదించకండి. ప్యాక్ సమానంగా అరిగింది, చెడిపోలేదు. ధర సరిగ్గా కుదిరితే కొనదగ్గ బండే.

సాయంకాలం

ఇప్పుడు ధర. 86 – 89 ఉండాల్సింది 80 ఉంది, అంటే సుమారు 7 తక్కువ. ఆ 7ని 100లో 7 అనుకుంటే తక్కువగానే కనిపిస్తుంది, అక్కడే పొరపాటు పడతాం. మీకు బ్యాటరీ సున్నా దాకా పనికిరాదు కదా. ప్రయాణి గారికి ఏ శాతం దగ్గర ఈ బండి పనికిరాకుండా పోతుంది? రోజుకి 95 కిలోమీటర్లు, హైవేలో ఏసీతో వందకి 19 కిలోవాట్ అవర్లు పోతాయనుకున్నా 18 కావాలి. కొంత మిగులు, చలికాలం తగ్గుదల, ఏదైనా పని పడి పక్కకి తిరగడం కలిపితే 25 లేనిదే ప్రశాంతంగా ఉండలేరు. 39లో 25 అంటే 65 శాతం కాస్త లోపు. మీ అడుగు గీత 65 అనుకుందాం.

మామూలు ఆరేళ్ల బండి 87 నుంచి 65 దాకా 22 మెట్లు దిగాలి, ఒక్కో శాతం ఒక్కో మెట్టు. ఈ బండికి 80 నుంచి 65 దాకా 15 మెట్లే మిగిలాయి. అంటే మీకు పనికొచ్చే బ్యాటరీ జీవితంలో దాదాపు మూడో వంతు ముందే అయిపోయింది. మార్కెట్ ధర సగటున 45. అందులో బ్యాటరీ వాటా సగం అనుకుంటే 22 చిల్లర, దానిలో మూడో వంతు 7. మీ ధర 38.

రోజుకి 40 కిలోమీటర్లు తిరిగే మనిషికైతే అడుగు గీత ఏ 40 శాతమో అవుతుంది, ఆయనకి ఇదే బండి 42కి కూడా గిట్టుబాటే. అందుకే ఒక బండికి ఒకే సరైన ధర ఉండదంటాను. శాతాన్ని కాదు, మీకు మిగిలిన మెట్లని కొంటున్నారు.

లెక్కలమనిషి

నాకూ 38 వచ్చింది కదా!

సాయంకాలం

వచ్చింది, కానీ దారి వేరు. మీ దారిలో టెస్ట్‌లో 88 వచ్చినా 41కి దిగేవారు, నా దారిలో 45 దగ్గరే ఉండేవాళ్లం. అప్పుడు మంచి బ్యాటరీ ఉన్న బండి మన చేతికి రాదు, ఇంకొకరు పట్టుకుపోతారు.

లెక్కలమనిషి

సరే, అది నిజమే. మెట్ల లెక్క నేనూ రాసి పెట్టుకుంటాను.

దస్తావేజు

వారంటీ గురించి ఎవరూ మాట్లాడలేదు. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 8 ఏళ్లు లెక్క, అంటే రెండేళ్లు ఉంది. 80లో ఉన్న ప్యాక్ రెండేళ్లలో 70 కిందికి పడిపోవడం కష్టం, కాబట్టి కెపాసిటీ వారంటీ మీకు డబ్బు తెచ్చిపెడుతుందని ఆశ పెట్టుకోకండి. కానీ అదే వారంటీలో లోపాలకి కూడా కవర్ ఉంటుంది: ఒక సెల్ చనిపోయినా, కాంటాక్టర్ (ప్యాక్‌ని కలిపే పెద్ద స్విచ్) పోయినా, బీఎంఎస్ పాడైనా. ఈ రెండేళ్లకి అది ఇన్సూరెన్స్ లాంటిది, దానికి విలువ కట్టాలి. వారంటీ అయిపోయిన ఇలాంటి బండైతే నేను 38 కాదు, 33 దాటను.

రెండో ఓనర్‌కి వారంటీ బదిలీ అవుతుందా, బదిలీకి కాగితం పెట్టాలా, సర్వీసులు తప్పిపోతే రద్దవుతుందా, ఈ మూడూ వారంటీ పుస్తకంలో మీ కళ్లతో చదవండి. ఇంకో సంగతి కూడా అందులోనే ఉంటుంది. 70 కిందికి పడితే కొత్త ప్యాక్ ఇస్తామని చాలామంది అనుకుంటారు, చాలా వారంటీల్లో రాసేది బాగుచేసిన ప్యాక్ ఇవ్వొచ్చని, కెపాసిటీ కొత్తదానిలా ఉండనక్కర్లేదని.

ఈ 70 అంకె మీ వారంటీలో ఒక్కటే కాదు, బయటా కనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 2022లో వచ్చిన 22వ నంబర్ సాంకేతిక నిబంధనలో కనీస మన్నిక అయిదేళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకి 80 శాతం, ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకి 70 శాతం అని పెట్టారు. మీ బండి దానికంటే ముందుదే, అయినా ఆ గీతతో పోల్చి చూస్తే ఎక్కడుందో తెలుస్తుంది: ఆరేళ్లకి 80. బొటాబొటిగా పాసైన బండి.

ఎడమచక్రం

కాగితాల మాట వచ్చింది కాబట్టి, రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లని వెనక్కి పిలవడం) చరిత్ర కూడా చూడాలి. షెవర్లే బోల్ట్ అనే ఎలక్ట్రిక్ కారులో మంటల భయంతో 2021లో 2017 – 2022 మోడళ్లన్నిటినీ, సుమారు 1,40,000 బండ్లని రీకాల్ చేశారు, చాలా వాటికి ప్యాక్‌లు మార్చారు. పాత బోల్ట్ కొనేవాడికి అందులో కొత్త ప్యాక్, దానికి కొత్త వారంటీ దొరికే అవకాశం ఉంది. ఓడోమీటర్‌లో లక్ష ఉన్నా బ్యాటరీ వయసు మూడేళ్లే కావచ్చు. హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్‌లోనూ ఇలాగే ప్యాక్‌లు మార్చిన బండ్లు ఉన్నాయి. ఇంజిన్ కారుకి ఏడాది చూసే అలవాటు మనది. ఇక్కడ బండి ఏడాది వేరు, ప్యాక్ ఏడాది వేరు.

దీనికి తిరగబడ్డ సంగతి రెనో జోయీది. యూరప్‌లో తొలి ఏళ్లలో బ్యాటరీని అమ్మకుండా అద్దెకి ఇచ్చేవారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చింది కదా అని కొన్నవాళ్లకి తర్వాత నెలనెలా బ్యాటరీ అద్దె కట్టాల్సి వచ్చింది. మీ మోడల్‌కి ఆ పద్ధతి లేకపోయినా, బండి మీద లోన్ మిగిలి ఉందేమో చూడటం మర్చిపోకండి.

నీలిగోడ

నాకో సందేహం. నాలుగేళ్ల తర్వాత బయట మెకానిక్ దగ్గర చెడిన మాడ్యూల్స్ (కొన్ని సెల్స్ కలిపిన ముక్కలు) మాత్రం మార్పించుకుంటే సరిపోదా? 40 పెట్టి మొత్తం ప్యాక్ ఎందుకు?

మిల్లీవోల్ట్

ఒక సెల్ చెడినప్పుడు అది మంచి దారే. యాక్సిడెంట్ అయిన బండి నుంచి అదే వయసు మాడ్యూల్ దొరికితే ఇంకా మంచిది. కానీ ప్రయాణి గారి ప్యాక్‌లో అన్నీ సమానంగా 80కి వచ్చాయి, ఏది మారుస్తారు? ఒకటి రెండు కొత్తవి వేసినా మిగతా పాతవే హద్దు పెడతాయి, పైగా కొత్తవీ పాతవీ కలిస్తే బ్యాలెన్సింగ్, అంటే అన్ని సెల్స్‌నీ ఒకే స్థాయిలో ఉంచడం, ఎప్పుడూ తలనొప్పే. పని కూడా 350 – 400 వోల్టుల మీద. అలవాటు లేని చేతికి ఇవ్వొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

వోల్ట్‌మీటర్

కొత్త ప్యాక్ ధర ఎప్పటికీ 40గానే ఉంటుందని కూడా అనుకోవద్దు. 2010తో పోలిస్తే 2024 నాటికి లిథియం అయాన్ ప్యాక్‌ల ధర కిలోవాట్ అవర్‌కి తొంభై శాతం దాకా పడిపోయింది. సర్వీస్ సెంటర్ కొటేషన్‌లో ఆ తగ్గుదల ఆలస్యంగా, కొంతే కనిపిస్తుంది, అయినా కనిపిస్తుంది. ఆ ఆశని ధరలో కలపకండి. కలిపేది అమ్మేవాళ్లు.

170 కిలోమీటర్ల రోజు సంగతి సూటిగా చెప్తున్నాను. 31లో పదో వంతు చేతిలో ఉంచుకుంటే 28. వందకి 19 లెక్కన 147 కిలోమీటర్లు. ఇవాళే ఒక స్టాప్ పెట్టాలి. నాలుగేళ్ల తర్వాత 28 మిగులుతుందనుకుంటే అది 132 అవుతుంది. అప్పుడూ ఒక స్టాపే, కాస్త ఎక్కువ సేపు. కొత్తలోనైనా 39కి 185 వచ్చేది, అంటే అప్పుడు కూడా బొటాబొటిగానే. నెలకి రెండుసార్లు పావుగంట ఆగడం మీకు ఇబ్బంది కాదనుకుంటే ఇది మీ బండి. ఇంట్లో ఒకసారి అందరినీ అడగండి, ఆ పావుగంట మీ ఒక్కరిదే కాదు కదా.

ప్రయాణి

అడిగాను. మా ఆవిడ, ఎలాగూ ఆ దారిలో టీకి ఆగుతాం అంది. అది తేలిపోయింది.

నిన్న సాయంత్రం ఓనర్ దగ్గరికి వెళ్లాను. మెట్ల లెక్క కాగితం మీద వేసి చూపించాను. ముందుగా, మీ బండి చెడ్డదని అనడం లేదు, సెల్స్ అన్నీ సమానంగా ఉన్నాయి, అది మంచి విషయం అని చెప్పాను. తర్వాత 37 అన్నాను. ఆయన చాలాసేపు ఆ కాగితమే చూశారు. టైర్లు కొత్తవి వేయించానన్నారు, అదీ నిజమే. 41 అన్నారు. నా గరిష్ఠం ముందే 39 అని రాసి జేబులో పెట్టుకున్నాను, లేకపోతే ఆయన మొహం చూసి అక్కడే 41కి ఒప్పుకునేవాణ్ని. రేపు చెప్తానని వచ్చేశాను. పొద్దున ఆయనే ఫోన్ చేసి 39కి సరే అన్నారు. సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ రిపోర్టు రాతపూర్వకంగా తీసుకుందామని, అందులో 78 కంటే తక్కువ వస్తే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాలని అడిగాను, ఒప్పుకున్నారు.

దస్తావేజు

ఆ షరతు కాగితం మీద రాయించారా?

ప్రయాణి

రాయించాను. ఇద్దరం సంతకాలు పెట్టాం.

పాతబండి

నేను ఆరోజు చేయాల్సింది ఇదే. మీరు చేసినందుకు నిజంగా సంతోషంగా ఉంది. వారంటీ పేరు మార్పిడి కూడా అదే రోజు అడిగేయండి, తర్వాత చూద్దాం అనుకుంటే మర్చిపోతాం.

ప్రయాణి

రిపోర్టు వచ్చింది: 80 శాతం, లోపాల కోడ్‌లు ఏవీ లేవు, ఒక్క 12 వోల్టుల చిన్న బ్యాటరీ మాత్రం బలహీనంగా ఉందట. ఓనర్ తన ఖర్చుతో అది మార్పించి ఇచ్చారు. వారంటీ నా పేరు మీదికి మారింది. బండి ఇంటికి వచ్చింది. రాత్రి 80 దగ్గర ఆగేలా సెట్టింగ్ పెట్టాను, 170 కిలోమీటర్ల రోజు ముందు రాత్రి మాత్రం 100. ఆరు నెలల తర్వాత అదే దారిలో, ఇలాంటి వాతావరణంలోనే 100 నుంచి 15 దాకా మళ్లీ నడిపి అంకెలు ఇక్కడే పెడతాను.

మిల్లీవోల్ట్

అప్పుడు సెల్ నంబర్లు కూడా రాయండి, ఏది అట్టడుగున ఉందో.